వాయిస్ చెస్

వాయిస్ చెస్ అనునది ఆటగాడు ఎత్తులను నోటితో చెప్పగా కంప్యూటరు విని, అర్థం చేసుకొని, ఆడిన చదరంగం. 1970 దశకపు తొలి సంవత్సరాలలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య దబ్బల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) బృందం రూపొందించిన హియర్‌సే-1 అనే వ్యవస్థ దీనికి ఆధారం. అట్లని రాజ్ రెడ్డిని వృత్తిరీత్యా ఆటల రూపకర్తగా భావించరాదు. ఆయన లక్ష్యం మనిషి మాట యంత్రానికి అర్థం కావడం. ఆ లక్ష్యానికి ఆయన ఎంచుకొన్న సాధనం ఆట.

నేపథ్యం

రాజ్ రెడ్డి 1937 జూన్ 13న చిత్తూరు జిల్లా (2022 నుండి తిరుపతి జిల్లా) శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరులో జన్మించాడు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాల నుండి సివిల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. తరువాత ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి ఐ.బి.ఎం. సంస్థలో పనిచేశాడు. 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ మెకార్తీ మార్గదర్శకత్వంలో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్‌లో చేరాడు.

ఆ కాలపు పరిశోధనశాలలలో ఆటలకు ప్రత్యేక స్థానం ఉండేది. తొలి కంప్యూటరు ఆటలలో ఒకటైన స్పేస్‌వార్ 1962లో ఎం.ఐ.టి.లో పుట్టింది. దాని ముఖ్య రూపకర్త స్టీవ్ రస్సెల్ మెకార్తీ సహచరుడే. మెకార్తీ పర్యవేక్షణలో తయారైన చదరంగం ప్రోగ్రాము 1966-67లో మాస్కోలోని ప్రోగ్రాముతో తంతి ద్వారా పోటీపడి ఓడిపోయింది. కనుక శిష్యుడు చదరంగాన్ని ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మాట గుర్తించడంలోని చిక్కు

1969లో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్త జాన్ పియర్స్ మాటల గుర్తింపు పరిశోధనను తీవ్రంగా విమర్శిస్తూ ఒక లేఖ ప్రచురించాడు. భాష తెలియనిదే, విషయం తెలియనిదే కేవలం ధ్వనిని బట్టి మాటను గుర్తించడం అసాధ్యమన్నది ఆయన వాదన. విమర్శ కటువైనదే కాని, అందులో నిజం లేకపోలేదు. మనిషి ఆగకుండా మాట్లాడేటప్పుడు ఒక పదం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలయ్యేదీ ధ్వనిలో స్పష్టంగా ఉండదు. 1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధనా సంస్థ ఆర్పా ఈ రంగానికి ఐదేళ్ళ పథకాన్ని ఆరంభించింది. ఆగకుండా పలికిన వాక్యాలను, 1000 పదాల పరిధిలో, అర్థంలో 10 శాతం లోపు తప్పులతో గుర్తించాలన్నది లక్ష్యం. కార్నెగీ మెలన్ ఈ పథకంలో పాల్గొన్న ముఖ్య సంస్థలలో ఒకటి.

పనిచేసే విధానం

పియర్స్ లోపమని చూపినదానికి సమాధానం చదరంగం బల్లపైనే దొరికింది. ఈ ఆటలో వాడే పదాలు సుమారు 30 మాత్రమే: పావుల పేర్లు, గడుల పేర్లు, అంకెలు, చంపుట, రాజుకు చెక్ చెప్పుట వంటివి. పైగా ఏ స్థితిలోనైనా నియమబద్ధమైన ఎత్తులు పరిమితం. ఆట ఆరంభంలో తెల్లపావులకు సరిగ్గా 20 ఎత్తులే ఉన్నాయి.

హియర్‌సే-1లో మూడు విభాగాలు వేర్వేరుగా ఉండి పరస్పరం సహకరించుకొనేవి. మొదటిది ధ్వనిని, రెండవది వాక్య నిర్మాణాన్ని, మూడవది అర్థాన్ని చూసేది. ఈ మూడవ విభాగానికి అండ జేమ్స్ గిలాగ్లీ రాసిన టెక్ అనే చదరంగం ప్రోగ్రాము. బల్లపై స్థితిని బట్టి వీలైన ఎత్తులను అది మంచి చెడ్డల వరుసలో పేర్చి ఇచ్చేది. ఉదాహరణకు ఆటగాడు "బిషప్ టు క్వీన్ నైట్ ఫైవ్" అన్నాడనుకొందాం. చివరి పదం ఫోరో ఫైవో ధ్వనిని బట్టి తేలకపోవచ్చు. శకటు నాలుగవ గడికి పోయే దారే లేకుంటే సందేహం తీరిపోతుంది. ఒక విభాగం ఊహను ప్రతిపాదిస్తే తక్కిన రెండూ దానిని పరీక్షిస్తాయి. అరుగు మీద చదరంగం ఆడే పెద్దలకు ఎదుటివాడి సగం మాటతోనే ఎత్తు తెలిసిపోవడం ఇటువంటిదే.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. ఆటగాడు తెలివితక్కువ ఎత్తు వేస్తే, యంత్రం తనకు నచ్చిన మంచి ఎత్తునే "విన్నట్లు" భ్రమపడవచ్చు. అందుకే అర్థ విభాగానికి తుది తీర్పు ఇవ్వలేదు. దాని సూచన ధ్వనితో సరిపోలి తీరాలి. అర్థ విభాగాన్ని తొలగించి చూసినప్పుడు గుర్తింపు తగ్గిపోవడం ప్రయోగాలలో తేలింది. వ్యవస్థకు పెట్టిన పేరుకు "చెప్పగా విన్న మాట" అని అర్థం. ఆ పేరు చమత్కారంగా అతికింది.

తరువాతి పరిణామాలు

1976లో పథకం ముగిసేనాటికి అదే విశ్వవిద్యాలయంలో హియర్‌సే-2, హార్పీ వ్యవస్థలు తయారయ్యాయి. బ్రూస్ లోవెరే రూపొందించిన హార్పీ 1011 పదాలతో లక్ష్యాన్ని చేరుకొంది. హియర్‌సే-2లోని "నల్లబల్ల" పద్ధతి కృత్రిమ మేధలోని ఇతర శాఖలకూ వ్యాపించింది. ఇందులో వేర్వేరు విభాగాలు తమ ఊహలను ఒకే చోట నమోదు చేస్తాయి. అయినా ఆర్పా వెంటనే పథకాన్ని పొడిగించలేదు. వాయిస్ చెస్ సైతం అంగడి సరుకు కాలేదు. పాంగ్ వంటి ఆటలు 1972 నుండి వ్యాపారంగా ఎదుగుతుండగా ఇది పరిశోధనశాలలోనే ఉండిపోయింది.

రాజ్ రెడ్డి 1979లో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక సంచాలకుడయ్యాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారాన్ని, 2001లో పద్మభూషణ్‌ను అందుకొన్నాడు. 2008లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ విద్యార్థుల కోసం నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి మొదటి కులపతి ఈయనే. దాని శ్రీకాకుళం ప్రాంగణం 2016లో ఏర్పడింది. ఎచ్చెర్లలో ఉన్న ఈ ప్రాంగణమే బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతాల విద్యార్థులకు దగ్గరది.