వేట చూపు నుండి వీక్షణ చూపుకు: పికో ద్వీపంలో తిమింగల వీక్షణ యాత్ర

వ్యాస సంగ్రహం:
అట్లాంటిక్ మహాసముద్రంలోని అజోర్స్ ద్వీపసముదాయానికి చెందిన పికో అగ్నిపర్వత ద్వీపం ఒకప్పుడు తిమింగల వేటకు ప్రసిద్ధి. నేడు అదే ద్వీపం మార్గదర్శకుల సాయంతో సాగే తిమింగల, డాల్ఫిన్ వీక్షణ యాత్రలకు కేంద్రం. ఈ మార్పులో వేటగాళ్ల జ్ఞానం ఏ రూపంలో నిలిచిందో, వీక్షణకు హద్దులు ఎందుకు అవసరమయ్యాయో, ఈ అనుభవం 'తిమింగలం' అనే పదం గురించి ఏ ఆలోచన కలిగిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పికో, అజోర్స్, తిమింగల వీక్షణ, విజియా, పర్యావరణ పర్యాటకం, పదార్థ పరిణామం.

1. ఉపోద్ఘాతం

అజోర్స్ తొమ్మిది ద్వీపాల సముదాయం. పోర్చుగల్‌లో భాగమైన స్వయంపాలిత ప్రాంతం. లిస్బన్‌కు పడమరగా సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంది. వాటిలో పికో ద్వీపంలో నిలిచిన అగ్నిపర్వతం ఎత్తు 2,351 మీటర్లు. పోర్చుగల్ మొత్తానికి ఇదే అత్యున్నత శిఖరం. నల్లని లావా రాళ్లతో కట్టిన చిన్న చిన్న గోడల నడుమ ఇక్కడి రైతులు ద్రాక్ష పండిస్తారు. ఈ ద్రాక్షతోటల భూదృశ్యాన్ని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అగ్నిపర్వత ద్వీపం కావడానికీ తిమింగలాలు తీరానికి దగ్గరగా కనిపించడానికీ నేరుగా సంబంధం ఉంది. సముద్రగర్భం నుండి నిటారుగా లేచిన ఇలాంటి ద్వీపాల చుట్టూ ఖండతీరాలకు ఉండే విశాలమైన లోతులేని తీరపు అంచు ఉండదు. కొద్ది కిలోమీటర్లు వెళ్లగానే లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది. లోతు నీటిలోని స్క్విడ్‌లను వేటాడి బతికే స్పెర్మ్ తిమింగలానికి ఇది అనువైన చోటు.

2. వేట చరిత్ర

18, 19 శతాబ్దాలలో అమెరికా తిమింగల వేట నౌకలు అజోర్స్‌లో ఆగి, ఆహారపదార్థాలతో పాటు యువకులను కూడా నావికులుగా తీసుకువెళ్లేవి. హెర్మన్ మెల్విల్ 1851 నాటి 'మోబీ డిక్' నవలలో అజోర్స్ నావికుల ప్రస్తావన ఉండటానికి నేపథ్యం ఇదే. ఆ నౌకలపై నేర్చిన విద్యతో ద్వీపవాసులు 19వ శతాబ్దంలో తమ తీరం నుండే వేట సాగించారు.

ఈ వేటకు ఆధారం 'విజియా'. పోర్చుగీసులో ఈ మాటకు కావలి అని అర్థం. కొండకొమ్మున ఉండే చిన్న గదికీ, అందులో కూర్చుని దుర్భిణితో సముద్రాన్ని పరికించే మనిషికీ ఇదే పేరు. తిమింగలం కనబడగానే అతడు తారాజువ్వ పేల్చేవాడు. ఆ చప్పుడుకు పొలంలో ఉన్నవాడు పొలంలో, పనిముట్టు పట్టినవాడు పనిముట్టుతో సహా వదిలి పడవల వైపు పరుగెత్తేవారు. సన్నని కొయ్య పడవల్లో తెరచాపతో, తెడ్లతో సమీపించి చేతితో ఈటె విసరడమే ఇక్కడి పద్ధతి. వచ్చిన నూనె పేద కుటుంబాలకు ఆదాయం. పడవ తిరగబడితే ప్రాణాలకే ముప్పు.

చమురు గిరాకీ తగ్గడం, అంతర్జాతీయ తిమింగల సంఘం 1982లో వాణిజ్య వేటను నిలిపివేస్తూ నిర్ణయం చేయడం వంటి కారణాలతో ఈ వృత్తి క్షీణించింది. పికోలో చివరి తిమింగలాన్ని 1987లో చంపారు. లాజెస్ పట్టణంలోని పడవశాలలు నేడు తిమింగల వేటగాళ్ల ప్రదర్శనశాలగా ఉన్నాయి.

3. చూపు మారిన తీరు

వేట ఆగిన కొద్ది కాలానికే లాజెస్‌లో వీక్షణ యాత్రలు ఆరంభమయ్యాయి. వాటికి మొదట కావలసింది తిమింగలం ఎక్కడుందో చెప్పగల కన్ను. అది పాత విజియాల దగ్గరే ఉంది. అందువల్ల ఈటె, తెడ్డు ప్రదర్శనశాలకు చేరినా విజియా మాత్రం కొండమీదనే కొనసాగాడు. తారాజువ్వ స్థానంలో రేడియో వచ్చింది.

తిమింగలాన్ని మొదట పట్టించేది దాని శ్వాస. స్పెర్మ్ తిమింగలం నాసికారంధ్రం తల ముందుభాగంలో ఎడమవైపు ఉండటం వల్ల దాని ఊపిరి ఏటవాలుగా ముందుకు, ఎడమకు చిమ్ముతుంది. ఊపిరి వాలును బట్టి అది ఏ జాతి తిమింగలమో దూరం నుండే చెప్పవచ్చు. సుమారు పది నిమిషాలు పైన ఉండి, తోక పైకెత్తి మునిగిందంటే మళ్లీ తేలడానికి ముప్పావు గంట వరకు పట్టవచ్చు. ఆ వ్యవధిలో మార్గదర్శకులు నీటిలోకి ధ్వనిగ్రాహకాన్ని దించి లోతులోని దాని టకటక శబ్దాలను యాత్రికులకు వినిపిస్తారు. తోక అంచుల గాట్లను ఫోటో తీసి ఒక్కొక్క జంతువును విడిగా గుర్తించే పద్ధతి పరిశోధకులకూ ఉపకరిస్తుంది.

వసంతకాలంలో నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం వంటి భారీ జాతులు ఉత్తరదిశగా వలస పోతూ ఇక్కడ కనిపిస్తాయి. సాధారణ డాల్ఫిన్, బాటిల్‌నోస్ డాల్ఫిన్, రిస్సో డాల్ఫిన్‌లు తరచుగా, అట్లాంటిక్ మచ్చల డాల్ఫిన్ వేసవిలో అగుపిస్తాయి. గాలి, అలల వల్ల పడవలు కదలని రోజులు ఉంటాయి కాబట్టి, ఒక్క పూట కాక కొన్ని రోజులు ఉండేలా యాత్రను రూపొందించడం ఉచితం.

4. వీక్షణ నిరపాయమా?

చంపడం మానినంత మాత్రాన చూడటం నిరపాయం కాదు. పడవ యంత్రాల రొద శబ్దంపై ఆధారపడి వేటాడే ప్రాణికి అడ్డంకి. ఒకే జంతువు చుట్టూ అనేక పడవలు చేరితే దాని విశ్రాంతికి, పిల్లల పోషణకు భంగం కలుగుతుంది. అందువల్ల అజోర్స్ ప్రాంతీయ శాసనసభ 1999లో వీక్షణను నియంత్రించే శాసనం చేసింది. జంతువుకు ఎంత దూరంలో ఉండాలి, ఏ దిశ నుండి సమీపించాలి, ఎన్ని పడవలు, ఎంతసేపు ఉండవచ్చు అనే విషయాలకు ఇక్కడ నిబంధనలు ఉన్నాయి. పాత వేటగాడు ఎంత చేరువకు వెళ్తే అంత నేర్పరి. నేటి నావికుడి నేర్పు ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది. వేట చూపుకూ వీక్షణ చూపుకూ అసలు భేదం ఇదే.

5. పదం చెప్పేది, కన్ను చూసేది

సంస్కృత 'తిమింగిల' శబ్దం తెలుగులో 'తిమింగలం' అయింది. 'తిమి' అనే పెద్ద చేపను సైతం మింగేది అని వ్యుత్పత్తి. ఇందులో తెలుగు 'మింగు' వినిపించినా అది పోలిక మాత్రమే. 'తిమిం' అన్నది ద్వితీయా విభక్తి రూపం, 'గిల' అంటే మింగేది. అమరకోశం దీనిని చేపల వరుసలో చేర్చింది. వ్యవహారంలో ఇప్పటికీ దానిని చేపగా భావించేవారు ఉన్నారు.

పికో తీరంలో కొండమీది కావలి వెతికేది మాత్రం ఊపిరి కోసం. చేప ఊపిరి కోసం పైకి రానవసరం లేదు. తిమింగలం రాక తప్పదు. అది ఊపిరితిత్తులతో శ్వాసించి పిల్లలకు పాలిచ్చే క్షీరదం. దాని ఈ అవసరమే ఒకనాడు వేటగాడికి చిక్కేలా చేసింది. నేడు వీక్షకుడికి కనిపించేలా చేస్తున్నదీ అదే.

6. ముగింపు

పికో అనుభవం మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒక వృత్తి అంతరించినా అందులోని జ్ఞానం కొత్త ప్రయోజనంతో బతకగలదు. చూపుకు కూడా నియమం అవసరం. పదం ఒక ప్రాణిని మింగే భూతంగా చూపినా, ప్రత్యక్ష పరిశీలన దానిని ఊపిరి పీల్చే సాటి ప్రాణిగా నిలుపుతుంది. ప్రకృతి యాత్రలను, జంతువాచక పదాలను అధ్యయనం చేసేవారు ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం ఫలవంతం.