ఆరోగ్యమున కొక్క పీరియడు చాలునా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున వ్యాధులు నీటినుండియు, వలసనుండియు, వృత్తినుండియు పుట్టుచున్నవి. వానిని జీవశాస్త్రమున కొక్కదానికే అప్పగించుట తగునా?

తుంగభద్రకు దక్షిణముగా, కర్నూలు జిల్లా పడమటి అంచున నున్న ఆదోని ప్రత్తి వర్తకమువలనను, ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘమువలనను ప్రసిద్ధికెక్కినవి. జిన్నింగు మిల్లులలో పనిచేయువారి బిడ్డలును, మగ్గముపై బ్రతుకువారి బిడ్డలును, ‘సుగ్గి’ యను కోతకాలపు వలసకై గుంటూరు మిరపచేలకు మూటాముల్లెతో తరలిపోవు కూలీల బిడ్డలును ఇచ్చటి ఉన్నత పాఠశాలలలో కలిసి చదువుకొనుచున్నారు. వీరి యిండ్లకు వచ్చు వ్యాధికి క్రిమియే కారణము కావచ్చును గాని, ఆ క్రిమికి దారిచూపునవి నీటి యెద్దడియు, వలసయు, పేదరికమును. క్రిమి సంగతి జీవశాస్త్రోపాధ్యాయుడు చెప్పును. దారి సంగతి చెప్పవలసినవారు తక్కిన ఉపాధ్యాయులు.

నీటి లెక్కలు

2021 ఏప్రిల్ నెలలో ఆదోనిలో అతిసారము ప్రబలినది. ఇట్టి వ్యాధి నీటివెంట వచ్చు తీరును చూపుటకు పాత ఉదాహరణమొకటి కలదు: 1854లో లండనున కలరా చెలరేగినపుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల యిండ్లను పటముపై గుర్తించి, అవి ఒక వీధిపంపు చుట్టును గుమిగూడియుండుట చూపిన వృత్తాంతము సాంఘికశాస్త్ర బోధకునకు మంచి ముడిసరుకు. తమ పేటలో మంచినీటి గొట్టము మురుగుకాలువను ఎచ్చట దాటుచున్నదో పిల్లలచేతనే పటము గీయించినచో, భూగోళమును ఆరోగ్యమును ఒక్క గంటలో బోధపడును. అతిసారరోగికి త్రాగించు పానీయమునకై లీటరు మంచినీటికి ఆరు చెంచాల చక్కెరయు అరచెంచా ఉప్పును కలుపవలెనన్నచో అరలీటరు చెంబునకు ఎంత కలుపవలెననునది అనుపాతపు లెక్క. కొళాయినీటిలో లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెననునది రసాయన పాఠము. డెంగ్యూదోమ గుడ్డునుండి వెలువడి రెక్కలు తొడుగుటకు ఇంచుమించు 7 మొదలు 10 దినములు పట్టును గనుక, నీరు నిలువచేయు తొట్టిని వారమున కొకమారు తోమి ఎండగట్టవలెనని పిల్లలే గణించి చెప్పగలరు.

మాత్ర వెనుకటి కథ

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, ఆంధ్రప్రదేశమున 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 60 మంది రక్తహీనులు. 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకయే వివాహమైనది. ఈ అంకెలు గణితపు తరగతిలో శాతములై, సాంఘికములో బాల్యవివాహ చర్చయై నిలువవలెను. ఆ రక్తహీనతకై బడిలో పంచు ఇనుప మాత్రలో ఫోలిక్ ఆమ్లమును ఉండును. స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి సోదరులను కోల్పోయిన భీమవరపు యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వముననే 1945లో దాని సంశ్లేషణము జరిగినదని తెలుగు ఉపాధ్యాయుడు చెప్పినచో, ఆ మాత్రను కిటికీలోనుండి పారవేయు బాలిక ఒకసారి ఆలోచింపక మానదు. జొన్నరొట్టె, ఆకుకూరలకు నిమ్మరసము తోడైన ఇనుము ఒంటబట్టుననియు, భోజనము వెంటనే త్రాగిన టీ దానిని అడ్డగించుననియు తెలిసినచో మాత్రకు బలము చేకూరును.

సుగ్గి పిల్లల మాట

2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ మారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము బడికి ఇరువురు ఉపాధ్యాయులను ఆరోగ్య దూతలుగా నియమించి, 11 అంశములను బోధింపుమన్నది. ఇది మేలైన ఆరంభమే. కాని భారమంతయు ఆ ఇరువురిపై పడినచో, వారి పీరియడు జరిగిన నెలలలో మిరపచేలలో నున్న బిడ్డ దానిని సమూలముగా కోల్పోవును. ఆరోగ్యము అన్ని పాఠములలోను అల్లుకొనియున్నచో, ఆ బిడ్డ ఏ నెలలో తిరిగివచ్చినను ఏదో యొక తరగతిలో దానిని అందుకొనగలదు. ఇందులకు క్రొత్త పుస్తకము వలదు, అదనపు గంట వలదు. ఉన్న లెక్కలకును, వ్యాసములకును, ప్రయోగములకును ఉదాహరణములు మారిన చాలును. స్కూలు కాంప్లెక్సు సమావేశములలో ఋతువునకొక వ్యాధిని ఎన్నుకొని, ఏ పాఠమున ఎవరు దానిని చెప్పవలెనో ఉపాధ్యాయులు కూడి నిశ్చయించుకొందురుగాక. వానకాలపు అతిసారముతోనే మొదలిడవచ్చును.