కోటలో పెంకుటిల్లు

ఓరుగల్లు కోటకు వచ్చినవాళ్లు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్ మహల్ చూసి వెళ్లిపోతారు. దారి పక్కనున్న పెంకుటిళ్ల మీద ఎవరి చూపూ నిలవదు. కాకతీయుల రాజ్యం 1323లోనే పోయింది. కోట లోపలి తూర్పుకోట, పడమరకోట, మధ్యకోటల్లో మాత్రం ఇవాళ్టికీ పొయ్యి వెలుగుతోంది. తోరణాలకు ఎంత చరిత్ర ఉందో ఈ ఇళ్లకూ వాటి స్థాయిలో అంత ఉంది. అది రాసిపెట్టినవాళ్లే తక్కువ.

వరంగల్ చుట్టుపక్కల పాత మట్టి ఇల్లు ఒకటి చూడండి. వీధి వైపు గద్దెలు, వాటి నడుమ టేకు దర్వాజ. గోడను ఒక్కసారిగా లేపరు. తొక్కిన మట్టిని ఒక వరుస పెట్టి, అది ఆరాకే దాని మీద ఇంకోటి. మందం ఎక్కువ కాబట్టే మే నెల ఎండ లోపలికి రావడానికి పొద్దుగూకుతుంది. కాస్త కలిగినవాళ్లయితే డంగుసున్నం పూయించేవారు. నడుమ ఆకాశం కనిపించే భవంతి, దాని చుట్టూ అర్రలు, వెనక పెరట్లో చేదబావి. పైన మొదట కుమ్మరి చేసిన గూనపెంకులు. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు రైలు నడిచింది. ఫ్యాక్టరీ పెంకులు దూరాల నుంచి వచ్చే దారి అలా పడింది. మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ సరుకే మన నోట ‘బెంగుళూరు పెంకు’ అయింది. ఒకే కప్పు మీద రెండు రకాల పెంకులు కనిపిస్తే, ఆ ఇంటికి ఎప్పుడో మరమ్మతు జరిగిందన్నమాట.

ఇల్లు ఎవరిదో చెప్పే కాగితాలది ఇంకో కథ. నిజాం కాలపు దస్తావేజు ఉర్దూలో ఉంటుంది, ధర నిజాం నాణెమైన హాలీ సిక్కా రూపాయల్లో, తేదీ ఫసలీ సంవత్సరాల్లో. ఫసలీ 1355 అంటే 1945 అక్టోబరులో మొదలైన ఏడాది. చాలామందికి ఆ పాటి దస్తావేజు కూడా లేదు, రిజిస్టరు కాని అమ్మకం కాగితం, అంటే సాదా బైనామాయే దిక్కు. ఊరి నివాస స్థలమైన ఆబాదీలో ఇల్లయితే చాలాసార్లు పన్ను రసీదే చేతిలో ఉన్న ఆధారం. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు భవంతి నడుమ గోడ లేస్తుంది, వెలుతురు సగమవుతుంది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. ఆ చట్టాలు వచ్చాక అమ్మకం కాగితం మీద ఆడబిడ్డల సంతకాలూ చేరాయి. ఇది ఈ గోడలు చూసిన మార్పుల్లోకెల్లా మంచిదని నా నమ్మకం.

కోటలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. 100 మీటర్లలోపు ఇంటికి మరమ్మతు కావాలంటే, సాధారణంగా అది 1992 జూన్ 16కు ముందే ఉందని చూపాలి. తోరణాలకు రక్షణ ఉండాల్సిందే. అయితే వానకు తడిసి కూలుతున్న గోడకు అనుమతి ఆలస్యమైతే అదీ నష్టమే. చిన్న మరమ్మతులకు అర్జీ ఊళ్లోనే తీసుకుని, వానాకాలంలోపే తేల్చే ఏర్పాటు చేయాలి.

మీకూ ఇలాంటి ఇల్లుంటే పాత పన్ను రసీదు, కరెంటు బిల్లు పారేయకండి. కొలతలతో పటం గీయించండి, ప్రతి అర్రకూ ఫొటో తీయండి. ఉర్దూ దస్తావేజు చదవగల పెద్దలు ఉండగానే దాన్ని తెలుగులో రాయించుకోండి.