సెర్చ్ ఫలితాల్లో మొదటి స్థానం: అనుచిత పద్ధతులు, నైతికత, నష్టాలు

ఖమ్మం జిల్లా ముదిగొండలో ఒక స్వయం సహాయక సంఘం కారం, పచ్చళ్లు తయారుచేసి వెబ్‌సైట్ ద్వారా అమ్ముతోందనుకుందాం. నెల రోజుల్లో ఆ సైటును గూగుల్ మొదటి పేజీకి తెస్తామని ఒక ఏజెన్సీ ముందుకొచ్చింది. డబ్బు కట్టే ముందు సంఘం అడగవలసిన ప్రశ్న: ఏ పద్ధతిలో తెస్తారు?

1. ర్యాంకింగ్‌కు ఆధారం

లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ‘పేజ్‌ర్యాంక్’ పద్ధతిని వివరించారు. దీని ప్రకారం ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లింకు ఓటు వంటిది. పేరున్న పేజీ వేసే ఓటుకు విలువ ఎక్కువ. నేడు ర్యాంకింగ్‌లో అనేక ఇతర అంశాలు చేరినా, లింకుకు ప్రాధాన్యం పోలేదు. అందుకే దొంగ ఓట్లు కూడా పుట్టాయి.

2. అనుచిత పద్ధతులు

- కీవర్డ్ స్టఫింగ్: ఒకే పదాన్ని అవసరం లేకుండా పదేపదే చొప్పించడం.
- క్లోకింగ్: సెర్చ్ ఇంజన్‌కు ఒక పేజీ, పాఠకునికి మరో పేజీ చూపడం.
- లింకుల కొనుగోలు: ర్యాంకు కోసం డబ్బిచ్చి లింకులు పెట్టించడం. ప్రకటనగా ఇచ్చిన లింకు తప్పు కాదు. అయితే అది ప్రకటన అని సెర్చ్ ఇంజన్‌కు తెలిసే గుర్తు ఉండాలి.
- నకిలీ సమీక్షలు: కొనని వారి చేత మెప్పు రాయించడం.

3. నష్టం ఎవరికి?

2006లో బీఎండబ్ల్యూ జర్మనీ సైటును ఇటువంటి పేజీల కారణంగా గూగుల్ తన ఫలితాల నుంచి కొద్ది రోజులు తొలగించింది. 2011లో అమెరికా దుకాణాల సంస్థ జె.సి. పెన్నీ కోసం వేల లింకులు పెట్టించిన విషయాన్ని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. దాని ర్యాంకులు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ సంస్థ తన ఏజెన్సీని తొలగించింది. కానీ శిక్ష పడింది సైటుకే. పెద్ద సంస్థలు ఇటువంటి దెబ్బను తట్టుకోగలవు. ఒక్క సైటు మీదే అమ్మకాలు సాగించే చిన్న సంఘం తట్టుకోలేదు.

4. నైతిక కోణం

గూగుల్ నియమం ఒక ప్రైవేటు సంస్థ నియమమే కదా, దాన్ని మీరితే అనైతికమెలా అవుతుందని మీరు అడగవచ్చు. ఇక్కడ తప్పు నియమం మీరడంలో కంటే పాఠకుణ్ని మోసగించడంలో ఉంది. దీని తీవ్ర రూపం నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు. మోసగాళ్లు వాటిని సెర్చ్ ఫలితాల్లో పైకి తెస్తారు. నమ్మి ఫోన్ చేసినవారి ఖాతాలు ఖాళీ అవుతాయి. అటువంటి బాధితులు వెంటనే 1930కు ఫిర్యాదు చేయాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

5. సరైన మార్గం

మిర్చి రకం, తయారీ తేదీ, ధర, చిరునామా స్పష్టంగా తెలుగులో రాయడం. నిజమైన కొనుగోలుదారుల అభిప్రాయాలనే ఉంచడం. సైటు ఫోన్‌లో త్వరగా తెరుచుకునేలా చూడడం. ఫలితం నెమ్మదిగా వస్తుంది, కానీ శిక్ష భయం ఉండదు. ఏ పద్ధతినైనా ఇలా పరీక్షించండి: మనం చేసినది కొనుగోలుదారుకు పూర్తిగా తెలిస్తే, అతడు మనల్ని ఇంకా నమ్ముతాడా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్లోకింగ్ అంటే ఏమిటి?
2. ఏజెన్సీ చేసిన తప్పుకు సైటు యజమాని ఎందుకు నష్టపోతాడు? ఉదాహరణతో వివరించండి.