పెడల్ కిందికి పోయిన రోజు: పాత జీపుకు బ్రేకులు మార్చాలంటే

మా మామది హిందూపురం దగ్గర ఒక పల్లె. కొంచెం మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, ఒక పాత జీపు. పట్టుగూళ్లు తయారైతే జీపు వెనక నింపుకుని హిందూపురం మార్కెట్‌కి పోతాడు. ధర్మవరంలో చుట్టాలింట్లో పెళ్లంటే అదే జీపులో మేమందరం ఎక్కుతాం.

పోయిన దసరా సెలవుల్లో పెనుకొండ వైపు ఒక గుట్ట మీది గుడికి వెళ్లి, మట్టి బాటలో కిందికి దిగుతున్నాం. సగం దిగాక మామ బ్రేకు తొక్కితే పెడల్ ఏ అడ్డూ లేకుండా ఫ్లోర్ దాకా పోయింది. వెనక అత్త, ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నారు. మామ గబగబా మూడు నాలుగు సార్లు పంపు కొడితే కొంచెం పట్టింది. ఫస్ట్ గేరుకి దించి, పక్కన మట్టి గట్టుకి బండిని ఆనించి ఆపాడు. ఎవరికీ ఏం కాలేదు. కిందికి దిగాక నాతో ఒకటే మాట: "మీ అమ్మకు చెప్పొద్దు అబ్బీ."

ఆ రాత్రి ఫోన్‌లో వీడియోలు చూసి, "మామా, నాలుగు చక్రాలకూ డిస్కులు వేయిద్దాం" అన్నా. మరుసటి రోజు హిందూపురంలో ఒక పెద్దాయన, ముప్పై ఏళ్లుగా జీపులు విప్పుతున్న మెకానిక్, నా మాట విని నవ్వాడు. "ముందు ఉన్న బ్రేకు ఎందుకు పోయిందో చూద్దాం పా. కొత్తది తర్వాత." ఆ రోజంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఈ వ్యాసం.

బ్రేకు చేసే పని ఎంత?

బ్రేకు అంటే వేగాన్ని వేడిగా మార్చే యంత్రం. మనుషులతో కలిపి 1500 కిలోల జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని ఆపాలంటే దాదాపు 208 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. ముప్పావు లీటరు కన్నా కొంచెం తక్కువ చల్ల నీళ్లని మరిగే దాకా తెచ్చేంత వేడి అది. ఇక గుట్ట సంగతి చూడండి. అదే జీపు బ్రేకు మీదే 100 మీటర్ల ఎత్తు దిగితే 1470 కిలోజౌళ్లు. అంటే 60 వేగం నుంచి ఏడు సార్లు ఆపినంత వేడి, మధ్యలో చల్లారే టైం లేకుండా.

అందుకే దిగేటప్పుడు మొదటి బ్రేకు ఇంజనే. ఫోర్ వీల్ లో, ఫస్ట్ గేరు వేస్తే ఇంజనే బండిని పట్టుకుంటుంది. పెడల్‌ని అవసరమైనప్పుడే గట్టిగా తొక్కి వదలాలి. దారి పొడవునా కాలు ఆనించి ఉంచకూడదు.

కాలి నుంచి చక్రం దాకా

ఇంటర్‌లో చదివిన పాస్కల్ నియమం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది. ఆ ఒత్తిడి పైపుల ద్వారా నాలుగు వీల్ సిలిండర్లకీ ఒకేలా చేరుతుంది. అవి రెండు షూలని బయటికి నెడితే, షూల మీది లైనర్లు తిరిగే డ్రమ్ముకి రాసుకుంటాయి.

మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఆ డిజైన్ నుంచి వచ్చిన పాత జీపుల్లో నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. బూస్టర్ లేదు. మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల దగ్గర, ఫ్లోర్ కింద ఉంటుంది. ఆయిల్ ఎంత ఉందో చూడాలంటే మ్యాట్ ఎత్తి మూత తీయాలి. మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పైగా అందులో సర్క్యూట్ ఒక్కటే. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఏ ఒక్క చక్రం దగ్గర లీక్ అయినా నాలుగు బ్రేకులూ పోతాయి. అమెరికాలో 1968 నుంచే కొత్త కార్లకు రెండు విడి సర్క్యూట్లు ఉండాలని రూల్ పెట్టారు. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది.

మా జీపులో జరిగింది అదే. వెనక ఎడమ డ్రమ్ము విప్పితే లైనర్ తడిసి నల్లగా ఉంది. వీల్ సిలిండర్ రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ కారి కారి మాస్టర్ సిలిండర్ ఖాళీ అయింది. మిగిలిన కాసింత ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది.

ఆ రంగు ఊరికే రాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు కాలు తొక్కినంతా బుడగని నొక్కడానికే పోతుంది. అందుకే లీక్ లేకపోయినా రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి.

ముందు రిపేరు

ఆయన చేసిన వరుస ఇది. బండిని సమతలంగా నిలిపి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో లేపాక స్టాండ్ల మీద కూర్చోబెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకూడదు. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదలేదు, తడిపి తుడిచాడు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకి ప్రమాదం.

డ్రమ్ము లోపల గాడులు పడ్డాయి. మన ఎర్రమట్టి, ఏటి ఇసుక లోపలికి పోతే లైనర్‌తో కలిసి గరుకు కాగితంలా పనిచేస్తాయి. లేత్ మీద కొద్దిగా తీయించొచ్చు, కానీ ఎక్కువ తీస్తే డ్రమ్ము పల్చబడి వేడికి పగులుతుంది. హద్దు దాటితే కొత్తది వేయడమే. లైనర్లు ఎప్పుడూ జతగా, ఒక యాక్సిల్‌కి రెండు వైపులా మార్చాలి. ఒక్క వైపే మారిస్తే బ్రేకు తొక్కగానే బండి పక్కకి లాగుతుంది. ఆయిల్ తాగిన లైనర్‌ని కడిగి వాడుకోవడం కుదరదు. రబ్బరు కప్పులకి పెట్రోలు, ఇంజన్ ఆయిల్ తగలనివ్వకూడదు, ఉబ్బిపోతాయి.

చివర్లో ఎయిర్ తీయడం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి, మన బండ్లకి అది వెనక ఎడమది. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు నిప్పుల్ వదులు చేసి, బుడగలు బయటికి పోయాక బిగించి, అప్పుడు పెడల్ వదలమని చెప్పాలి. ఆ రోజు పెడల్ డ్యూటీ నాది. కాలు వాచింది. తీసిన ఆయిల్‌ని మళ్లీ పోయకూడదు.

తర్వాత అప్‌గ్రేడ్

రిపేరుతోనే బండి బాగా ఆగింది. మరి డిస్కులు ఎందుకు? రెండు కారణాలు. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, డిస్కు అలా జరగదు, గాలికి త్వరగా చల్లారుతుంది కూడా. వంకలో నీళ్లు దాటాక డ్రమ్ములో నీళ్లు నిలుస్తాయి, డిస్కు తిరుగుతూనే వాటిని విసిరేస్తుంది. 2010లో వచ్చిన థార్‌కి కూడా ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే ఇచ్చారు. బ్రేకు తొక్కితే బరువు ముందుకి వస్తుంది కాబట్టి ముందు చక్రాలే ఎక్కువ పని చేస్తాయి.

కానీ డిస్కులు మాత్రమే తెచ్చి బిగిస్తే బండి ఇంకా ప్రమాదం. డ్రమ్ములో తిరిగే డ్రమ్మే ఒక షూని తన వైపు లాక్కుని మన కాలికి సాయం చేస్తుంది. డిస్కులో ఆ సాయం లేదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. కాలిపర్ పిస్టన్ పెద్దది, ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ ఇవ్వలేదు. పెద్దది వేస్తే పెడల్ బిగుసుకుంటుంది, అప్పుడు బూస్టర్ కావాలి. బూస్టర్‌కి వాక్యూమ్ కావాలి. పాత డీజిల్ ఇంజన్ ఇన్‌టేక్‌లో పెట్రోలు ఇంజన్‌లా వాక్యూమ్ పుట్టదు, కాబట్టి వాక్యూమ్ పంపు కూడా వేయాలి. ఒక లైబ్రరీ అప్‌డేట్ చేస్తే పది డిపెండెన్సీలు అడిగినట్టే.

ముందు, వెనక బ్రేకుల పంపకం కూడా సరిపోవాలి. వెనక చక్రాలు ముందే లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. టైర్లు పెద్దవి వేసినా లెక్క మారుతుంది. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే, అదే బ్రేకుతో రోడ్డు మీద పడే పట్టు దాదాపు పది శాతం తగ్గుతుంది.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో మార్పుల మీద హద్దులు పెట్టింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని చెప్పింది. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి.

మామ ఇంకా డిస్కులు వేయించలేదు. వేయిస్తే మొదట రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, బూస్టర్‌తో కలిపే అంటున్నాడు. పెనుకొండ దగ్గర నేషనల్ హైవే 44 మీద కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ ఉంటుంది. అలాంటి కారు ముందు సడన్‌గా ఆగితే వెనకున్న మన జీపు సంగతేంటి? ఇప్పుడు మామ ఆ రోడ్డు మీద ముందున్న కారుకి బాగా దూరంగా నడుపుతాడు.

మీరు కూడా పాత జీపులో కొండలకి ట్రిప్ వేస్తుంటే, బయల్దేరే ముందు ఒక చిన్న పని చేయండి. పెడల్‌ని గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి జారితే ఎక్కడో లీక్ ఉన్నట్టే, ఆ రోజు బండి తీయకండి. పెడల్ గట్టిగా నిలబడినా ఒకసారి మ్యాట్ ఎత్తి ఆయిల్ చూడండి. మేం చూడనిది అదే.