రాగం మధ్యలో ఆంప్లిఫయర్ ఆగకూడదు

కొత్తగా మైకుసెట్టు పెట్టాలనుకునే కుర్రాళ్లు తెనాలిలో మా షాపుకి వచ్చి ముందు అడిగేది ఒకటే: "బాబాయ్, ఎన్ని వేల వాట్లు కొనమంటావు?" నేను ఎదురు అడుగుతాను: "ఏ ప్రోగ్రాములకి కడతావురా? ఎంతమంది జనానికి? కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకుంటావు?" ఈ మూడూ తేలకుండా ఆంప్లిఫయర్ మాట ఎత్తడం దండగ.

మా వైపు పద్యనాటకాలు ఇంకా ఆడుతున్నారు. సౌండు సెట్టుకి అంతకన్నా గట్టి పరీక్ష నేను చూడలేదు. డీజే పాటలో మోత మొదట్నుంచీ చివరిదాకా ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది. పద్యం అలా కాదు. కాటి సీనులో హరిశ్చంద్రుడు లోగొంతుకతో మొదలుపెట్టి, పద్యం చివర రాగం అందుకుని పై షడ్జం మీద నిలబడ్డాడంటే ఆ గొంతు మాటలకన్నా 10 డెసిబెల్స్ తేలిగ్గా పైకి పోతుంది. చెవికి అది సుమారు రెట్టింపు మోతగా తోస్తుంది. ఆంప్లిఫయర్ మాత్రం అప్పుడు పదింతల పవర్ ఇవ్వాలి. మాటలకి 80 వాట్లు సరిపోతే రాగానికి 800 కావాలన్నమాట.

ఆ 800 దాని దగ్గర లేకపోతే తరంగం తల తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం. ముందువైపు ఎర్ర లైటు వెలుగుతుంది, గొంతు గరగరలాడుతుంది, వన్స్ మోర్ అనాల్సిన జనం ముఖం చిట్లిస్తారు. అంతకన్నా పెద్ద నష్టం టాప్ బాక్సులో హై ఫ్రీక్వెన్సీలు పలికించే హార్న్ డ్రైవర్‌కి. తల తెగిన తరంగంలో, గొంతులో లేని హై ఫ్రీక్వెన్సీలు కొత్తగా పుట్టుకొస్తాయి. అవన్నీ నేరుగా దాని మీదే పడతాయి. వెంట్రుకంత తీగతో చుట్టిన కాయిల్ అది, వేడి తట్టుకోలేదు. చిన్న ఆంప్లిఫయర్ తగిలిస్తే బాక్సు భద్రంగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాలిపోయి నా బల్ల మీదికి వచ్చే డ్రైవర్లలో చాలావాటి కథ నిండా పెంచేసిన చిన్న ఆంప్లిఫయరే.

కాబట్టి బాక్సు వెనక రాసింది సరిగా చదవడం నేర్చుకోవాలి. ఒకే బాక్సుకి 500, 1000, 2000 అని మూడు అంకెలు వేస్తారు. గంటల తరబడి తట్టుకునేది 500. పాటలాగా హెచ్చుతగ్గులున్న ప్రోగ్రాముకి 1000. క్షణంపాటు తట్టుకునేది 2000. దుకాణదారు చూపించేది మూడోది, మనం పట్టుకోవాల్సింది మొదటిది. దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు, అంటే 750 నుంచి 1000 వాట్లిచ్చే ఆంప్లిఫయర్ ఆ బాక్సుకి సరిజోడు.

ఆంప్లిఫయర్ అంకెల్లో ఇంకో మెలిక ఉంది. 8 ఓమ్స్ బాక్సులు రెండు పక్కపక్కన కలిపితే లోడు 4 ఓమ్స్ అవుతుంది, నాలుగు కలిపితే 2 ఓమ్స్. అట్ట మీద పెద్దక్షరాలతో వేసే వాట్లు చాలాసార్లు 2 ఓమ్స్‌కో, రెండు ఛానెళ్లనీ ఒకటిగా బ్రిడ్జి చేసినప్పటికో లెక్క. మే నెలలో, రేకుల షెడ్డు కింద, 2 ఓమ్స్ లోడు మీద నాలుగు గంటలు నడిపితే వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోతుంది. సరిగ్గా శ్రీకృష్ణుడు చెల్లియో చెల్లకో అని నోరు తెరిచే వేళకి సెట్టు మూగబోతే ఆ నటుడి ముఖం ఎలా చూస్తాం? 4 ఓమ్స్ దగ్గర ఎంత ఇస్తుందో ఆ వరస ఒక్కటే చదవండి, ఛానెల్‌కి రెండు బాక్సులకి మించి తగిలించకండి.

కరెంటు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో సగం గొడవ అక్కడే. పాతరకం ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్లిఫయర్లు మోయడానికి ఇద్దరు కావాలి. పైగా 230 వోల్టులు 190కి పడిపోతే వాటి పవర్ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఇప్పుడు వస్తున్న క్లాస్ డి రకం తేలిక, వేడి తక్కువ, జనరేటర్ మీద భారమూ తక్కువే. వాటిలోనూ వోల్టేజీ హెచ్చుతగ్గులు తట్టుకునే సప్లై ఉన్నదే ఎంచుకోవాలి. అయినా ఒకటి మాత్రం ఏ ఆంప్లిఫయరూ కాచుకోలేదు. త్రీఫేజ్ లైనులో న్యూట్రల్ ఊడిందంటే, లోడు తక్కువున్న ఫేజ్ మీద 230 బదులు 400 దాకా ఎక్కుతుంది. నేను మీటరు పెట్టి మూడు ఫేజులూ న్యూట్రల్‌తో కొలవందే ప్లగ్గు పెట్టను, పెట్టనివ్వను.

ఇక ఆంప్లిఫయర్‌కి ముందు పెట్టే ప్రాసెసర్. కుర్రాళ్లు చివర మిగిలిన డబ్బుతో కొనేది ఇది. నన్నడిగితే దీనికి ముందే డబ్బు పక్కన పెట్టాలి, కావలిస్తే రెండు బేస్ బాక్సులు తగ్గించుకోవాలి. హరికథకీ పద్యనాటకానికీ బేస్ బాక్సులతో పెద్ద పని లేదు కూడా.

ప్రాసెసర్ చేసే పనుల్లో నాకు ప్రాణం లాంటిది సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్. దాన్ని చూపుడు వేలితో అంచనాగా తిప్పకూడదు, లెక్క కట్టాలి. 500 వాట్లు, 8 ఓమ్స్ బాక్సు తీసుకోండి. 500ని 8తో గుణిస్తే 4000, దాని వర్గమూలం 63. అంటే ఆ బాక్సుకి నిలకడగా 63 వోల్టులకి మించి పోకూడదు. ఆంప్లిఫయర్ వచ్చిన సిగ్నల్‌ని 40 రెట్లు పెంచేదైతే, ప్రాసెసర్ నుంచి 1.6 వోల్టులు దాటకుండా కట్టేయాలి. క్షణకాలపు శిఖరాలకి ఆ 63కి రెట్టింపు, 126 వోల్టులదాకా వదలొచ్చు. అప్పుడు రాగానికి పైన చోటు ఉంటుంది, మైకు కింద పడ్డా కాయిల్ బతుకుతుంది. ఈ లెక్క అయ్యాక ఆంప్లిఫయర్ నాబ్ ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కట్టిన లెక్క తప్పుతుంది.

ఈక్వలైజర్‌తో పెంచడంకన్నా తగ్గించడమే నా పద్ధతి. ఒక చోట 6 డెసిబెల్స్ పైకి తోస్తే ఆ చోట నాలుగింతల పవర్ ఖర్చు. మైకు కుయ్యిమంటుంటే ఏ ఫ్రీక్వెన్సీ కూస్తుందో పట్టుకుని అక్కడ మాత్రం కోయాలి. అసలు స్టేజీ మీద తెరిచి ఉన్న మైకులు రెట్టింపైనప్పుడల్లా కూత 3 డెసిబెల్స్ ముందే మొదలవుతుంది. పాత్ర లోపలికి వెళ్లగానే దాని మైకు మూసేసే ఆపరేటరు ఏ మెషీను కన్నా విలువైనవాడు. ప్రతి మైకుకీ 80, 100 హెర్ట్జ్ కింద కత్తిరించి పెడితే చెక్కల మీద అడుగుల దడదడ ఆంప్లిఫయర్ పవర్ తినదు.

జనం దూరందాకా కూర్చుంటే ముందు బాక్సులనే బాదడం తప్పు. 30 మీటర్ల దగ్గర ఇంకో జత చిన్న బాక్సులు నిలబెట్టండి. స్టేజీ దగ్గర్నుంచి శబ్దం అక్కడికి చేరడానికి 87 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రాసెసర్లో అంత డిలే ఇచ్చి, ఇంకో పది కలిపితే వెనక వరస పెద్దాయనకి మాట పక్కనున్న బాక్సులోంచి కాక నటుడి నోట్లోంచే వస్తున్నట్టుంటుంది. ముందు వరసల పిల్లల చెవులూ, చుట్టుపక్కల ఇళ్లూ బతుకుతాయి. రాత్రి 10 దాటాక బహిరంగంగా లౌడ్‌స్పీకర్ కూడదన్న 2000 నాటి నియమాలు మన నాటకాలకీ వర్తిస్తాయి. పండుగ రోజుల్లో ప్రభుత్వం సడలించినా అర్ధరాత్రి వరకే.

కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా మీ బాక్సులు రెండు వ్యానులో వేసుకెళ్లండి. ఛానెల్‌కి 4 ఓమ్స్ లోడు పడేలా కలిపి, గంటసేపు మీరు కట్టే ప్రోగ్రాము రికార్డింగే పెట్టమనండి. ఫ్యాను మోత వినండి, పైమూత మీద చెయ్యి పెట్టి చూడండి. గంటసేపు వినిపించడానికి ఒప్పుకోని చోట కొనకండి.