బొందు, పోకముడి, మొల్దారం: నడుముకు కట్టుకున్న మాటలు

మొన్న మా చిన్నోని లాగు ఎలాస్టిక్ సాగిపోయి ఊకె జారుతున్నది. మా అమ్మ పాత చీర అంచు సన్నగ చింపి, పిన్నీసుకు గుచ్చి, నడుము మడతల ఇటు నుంచి అటు గుంజి ఇచ్చింది. "ఇగో బొందు ఎక్కిచ్చిన, ఇగ జారదు పో" అన్నది. వాడు మొఖం మాడ్చుకున్నడు. నానమ్మ "నీ బొంద" అని తిట్టిందనుకున్నడట. ఏడో తరగతి సదివే పిలగానికి బొంద తెలుసు, బొందు తెల్వదు.

అందరం నవ్వినం గని, నాకు మాత్రం గుండీ యాదికొచ్చింది. చిన్నప్పుడు బళ్లె "అంగీ గుండీ ఊడింది సార్" అన్నందుకు ఒక సారు నన్ను నిలబెట్టి, "గుండీ కాదురా, బొత్తాము అనాలె. మంచి తెలుగు నేర్చుకో" అన్నడు. పిల్లలంత నవ్విండ్రు. బొత్తాము పోర్చుగీసోళ్ల 'బొతావ్' నుంచి వచ్చిందని తెలుసుకునేటాళ్లకు నాకు ముప్పై దాటింది. గుండీ ఉర్దూ, హిందీల నుంచి వచ్చింది. రెండూ మనం ఒకరికాడ తెచ్చుకున్నయే. అందుల ఒకటి మంచి తెలుగు ఎట్లయింది, ఇంకోటి మోటు ఎట్లయింది?

ఆ కోపంతోనే ఒక లెక్క మొదలుపెట్టిన. గుండీ, బొత్తాము రెండూ రాకముందు, అంటే కాకతీయుల కాలం నుంచి గోల్కొండ కాలం దాక, మన జనం ఒంటిమీద బట్ట ఊడకుండ ఏం జేసిండ్రు? దేనితోటి కట్టిండ్రు, దాన్ని ఏమన్నరు? వెతికినకొద్ది ఆ మాటలు పాత కావ్యాల్లనే కాదు, మా ఇంట్ల గూడ దొరికినయి.

ముందుగాల ఒక సంగతి పట్టుకోవాలె. మన పాత బట్ట ఎక్కువగ కుట్టింది కాదు, చుట్టింది. మగ్గం మీదికెల్లి దిగిన బట్టను కత్తెర పెట్టకుండనే ఒంటికి చుట్టి, ముడేసి, కొస దోపేది. అది మన మాటలల్ల ఇప్పటికీ ఉన్నది. చీర "కట్టుకున్నది" అంటం, ధోతి "కట్టుకున్నడు" అంటం. అంగీని మాత్రం "తొడుక్కున్నడు" అంటం. అంగీ కట్టుకున్నడని ఎవ్వలూ అనరు. చుట్టేదానికి కట్టుడు, కుట్టినదానికి తొడుగుడు. "కట్టుబట్టలతోటి ఎల్లగొట్టిండ్రు", "బతికి బట్టకట్టిండు" అన్న మాటల్ల గూడ ఉన్నది ఆ కట్టుడే. ఇగ కట్టుడే బతుకైనోళ్లకు ముళ్లకు, తాళ్లకు పేర్లు మస్తుగుంటయి.

ఆడోళ్ల కట్టు నుంచి మొదలుపెడ్దం. చీరను నడుముకాడ నిలబెట్టే ముడిని పాత తెలుగుల పోకముడి అన్నరు. పోక అంటే మనం తినే పోకనే, వక్క. బట్ట కొసను అంత చిన్నగ, అంత గట్టిగ ముడేస్తే పోకకాయ లెక్కనే కనవడ్తది. పేరు పెట్టినోళ్లు చూసి పెట్టిండ్రు.

సంస్కృతంల దీన్నే నీవి అంటరు. అమరకోశం నీవి అన్న మాటకు రెండు అర్థాలు చెప్తది. ఒకటి ఆడోళ్ల నడుము బట్ట ముడి, రెండోది యాపారానికి పెట్టిన అసలు సొమ్ము. ముడికి, సొమ్ముకు ఏం సంబంధమని పండితులు ఏమన్న చెప్పనీ. మా అమ్మ బొడ్ల సంచి చూసినోడికి అది పెద్ద కష్టమైన ప్రశ్న కాదు. కైకిలి పైసలు చీర ముడికాడనే చెక్కుకుంటది, బ్యాంకు దాని తర్వాతనే. నాసిక్ గుహల్ల దగ్గర దగ్గర పంతొమ్మిది వందల యేండ్ల కిందటి ఒక శాసనం ఉన్నది. ఉషవదాత అనే ఆయన 3000 కార్షాపణాలు 'అక్షయనీవి'గ పెట్టిండు. అంటే అసలు ముట్టకుండ వడ్డీ మాత్రమే వాడే సొమ్ము. ఆ పైసలు ఎవరికాడ పెట్టిండో తెలుసా? సాలోళ్ల సంఘాలకాడ. ఒక సంఘానికి 2000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో సంఘానికి 1000, ముప్పావు వడ్డీ. అందుల పెద్ద సొమ్ము మీది వడ్డీతోటి ఇరవై మంది భిక్షువులకు బట్టల ఖర్చు ఎల్లాలె. ఇది మధ్యయుగం కంటె మస్తు ముందటిది, జర పక్కకు పోయిన. గని నేతగాళ్లను నమ్మి పైసలు పెట్టిన కాలం ఒకటి ఉండెనని సిరిసిల్ల పిల్లలకు తెలవాలె గదా.

మళ్ల ముడికాడికే వస్త. కావ్యాలల్ల పోకముడి గని, నీవి గని కనవడేది ఎక్కువగ ఎప్పుడంటే, అది వదులయినప్పుడు. రాసిన మగ కవులకు దాని మీద వేరే పని ఉండేది. నాట్లకాడ వంగే ముందు చీర ఎగజెక్కి ముడి బిగిచ్చే ఆడామె ఆ పద్యాలల్ల దొరుకుడు కష్టం. ఒకటే మాట, వాళ్లకు ఊడే ముడి, మనకు బిగిసే ముడి.

మొగోళ్ల కట్టుకొస్తే మొదటిది కాసె. రెండు కాళ్ల నడుమకెల్లి బట్ట తీసి ఎనుక దోపుడు. చిన్న పేలికైతే అది గోసి. మా నాయనమ్మ చీరను గూడ కాసె పోసే కట్టేది, పొలంల కాళ్లకు అడ్డం పడదని. ఇప్పుడు ఆ కట్టు పెండ్లి ఫోటోలకు కిరాయి చీరల మీద మళ్ల వచ్చింది, పేరు మాత్రం మార్చిండ్రు.

కాసె మీద నడుముకు బిగిచ్చే పొడుగు గుడ్డ దట్టి. నడికట్టు అని గూడ అన్నరు. కొట్లాటకు పోయేటోడు, బరువు మోసేటోడు దట్టి బిగిచ్చేది. మనం మీటింగుల "నడుం బిగించాలె" అని మైకుల చెప్తం గదా, అది ఈ దట్టినే. ఆ గుడ్డ నడుము మీదికెల్లి పోయింది గని మాట చావలేదు. పీర్ల పండుగకు పోయి చూడుర్రి. పీరీలకు రంగు రంగుల గుడ్డలు మొక్కి కడ్తరు, వాటిని దట్టీలనే అంటరు. నిఘంటువు తిరగేసే పని లేదు, పీర్ల కొట్టం కాడ నిలబడితే చాలు.

ఇగ అన్నిటికి మూలం మొల్దారం. పుస్తకాలల్ల మొలత్రాడు. మొల అంటే నడుము. గోసి నిలవాల్నంటే ఆ తాడు ఉండాలె. అంటే అది అలంకారం కాదు, పనిముట్టు. ఇందుల నాకు నచ్చింది ఒకటున్నది. పెద్దింటి ఆడోళ్ల నడుము నగను కవులు మొలనూలు అన్నరు. బంగారంతోటి చేసినా, చిరుగంటలు కట్టినా పేరు నూలే. రామప్ప గుడికి పోతే రాతి నాట్యకత్తెల నడుముకు ఆ వరుసలు, వేలాడే కుచ్చులు కనవడ్తయి. 1213ల కట్టిన గుడి, చెక్కుడుపని ఇంక కొత్తగనే ఉన్నది. రాజు నర్తకి నడుము మీది బంగారానికి గూడ పేరిచ్చింది పేదోని నూలుపోగే. మా దిక్కు పసిపిల్లలకు మొల్దారం కడ్తరు, ఆడపిల్లకైతే ఎనుకట దానికి ఎండి సిగ్గుబిళ్ళ వేలాడదీసేది. మా చెల్లెది అమ్మ పెట్టెల ఇంక ఉన్నది.

కుట్టుబట్ట ఆ కాలంల అసలే లేదని కాదు. మోకాళ్ల దాక వచ్చే లాగును చల్లడము అన్నరు. ఆడోళ్లకు రవిక ఉండేది. ఎనుకటి రైకకు గుండీలు లేవు, ముందట రెండు కొసలు పట్టి ముడేసేది. మా నాయనమ్మ చచ్చేదాక ముడి రైకనే తొడిగింది. రాజుల కొలువుల కబాయి వచ్చింది. అది అరబ్బీ మాట, ముందటికెల్లి తెరిచి తొడిగే పొడుగు అంగీ. దాంతోపాటు నెత్తిమీద కుళ్ళాయి. విజయనగర రాజులు కొలువుల అవి ఏసుకునేది. తిరుమలల ఉన్న కృష్ణదేవరాయల విగ్రహానికి కుళ్ళాయి ఉన్నది గని ఒంటి మీద కబాయి లేదు, దేవుని ముందట గదా. పదిహేనో శతాబ్దంల శ్రీనాథుడు విజయనగరం పోయి, ఆ కొలువు కోసం కుళ్ళాయి పెట్టి, కుట్టిన పెద్ద అంగీ తొడగవలసి వచ్చిందని ఏడ్చుకున్నట్టు ఒక చాటు పద్యం ఉన్నది. ఇంటర్వ్యూకని మొదటిసారి టై కట్టుకున్న పిలగాడు ఆ పద్యం సదివితే బాగ అర్థమైతది.

గోల్కొండ కాలానికి ఇజారు వచ్చింది. దాని నడుముల గుంజే తాడును ఫారసీ తీరుగ ఇజార్‌బంద్ అన్నరు. నాడా గూడ ఉర్దూ దారినే వచ్చింది. ఉత్తరాన మొగలుల జామాకు గుండీలుండవు, పక్కకు బొందులే. ముస్లిములు కుడిదిక్కు ముడేస్తే హిందువులు ఎడమదిక్కు ముడేసేదట. పాత బొమ్మలల్ల ఎవరెవరో పోల్చుకునేందుకు చరిత్రకారులు ఇప్పటికీ ఆ ముడినే చూస్తరు. అంగీ ఒక్కటే, కుట్టిన దర్జీ ఒక్కడే, బొందు దిక్కు మాత్రం రెండు.

తాడు మతం చెప్పినట్టే కులం గూడ చెప్పింది. భుజం మీది దారం జంధ్యం, దానికి మంత్రం ఉన్నది, ముహూర్తం ఉన్నది. నడుము మీది దారానికి నల్లరంగు తప్ప ఏమీ లేదు. పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలపు మనిషి, మన పాలకుర్తి ఆయన. చాకలి ఐలమ్మ కొట్లాడిన ఊరు గూడ అదే. ఆయన బసవపురాణంల బాల బసవడు తండ్రి చేస్తనన్న ఒడుగు వద్దంటడు. వీరశైవులు దాని జాగల లింగాన్ని దారంతోటి మెడల కట్టుకున్నరు. శివదారం అంటరు దాన్ని, ఆడోళ్లు మొగోళ్లు ఇద్దరికీ ఉంటది. ఆ సంగతిని సోమనాథుడు సంస్కృత వృత్తాలల్ల చెప్పలే, జనం పాడుకునే ద్విపదల చెప్పిండు. దాన్ని ఆయన జాను తెనుగు అన్నడు. ఏ దారం పెద్దది, ఏ మాట మంచిది అన్న కొట్లాటలు రెండూ ఆయనకు ఒక్కటే. బళ్లె గుండీ కాడ నేను నిలబడ్డ జాగ గూడ అదే అనుకుంట.

పాత బట్టలు, కట్లు, తిండి అన్నీ కావ్యాలకెల్లి ఏరి సురవరం ప్రతాపరెడ్డి 1949ల 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెచ్చిండు. తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955ల దానికే వచ్చింది. నాకు కావ్యాలు సదివే సదువు లేదు, ఆ పుస్తకం పట్టుకొనే ఇంత దూరం వచ్చిన. సదవనోళ్లు ఉంటే సదువుర్రి, గ్రంథాలయాలల్ల దొరుకుతది. గని ఆయన ఏరింది రాసినోళ్ల మాటలు. రాయనోళ్ల మాటలు ఏరేటోళ్లు లేరు, ఆ మాటలున్నోళ్లు ఒక్కొక్కరే పోతున్నరు.

బొందు ఎక్కిచ్చిన రాత్రి నేను ఫోన్ల రికార్డు పెట్టి అమ్మ పక్కన కూసున్న. గడ్డిమోపుకు ఏసే ముడి వేరు, లేగదూడకు ఏసేది వేరు, రైకకు ఏసేది వేరు, పైసలకు ఏసేది వేరు అన్నది. ఒక్కొక్కటి చీర కొంగుకు ఏసి చూపెట్టింది. తొమ్మిది చెప్పింది. పదోది చేతికి తెలుసు గని పేరు నోటికి వస్తలేదన్నది. వాళ్ల అక్కకు తెల్సుంటదట, ఆదివారం పోయి అడగాలె.